'నేను' ఉన్నదా? - ఆత్మవాదం, అనాత్మవాదం, ఆధునిక చింతన

ఆత్మ ఉన్నదా, లేదా అన్నది ఎప్పుడో తేలిపోయిన ప్రశ్న అని మన అభ్యుదయ రచయితల్లో చాలామంది అనుకుంటారు. శరీరం ఉన్నంతవరకే చైతన్యం, తక్కినదంతా పురోహితవర్గం కల్పన అని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగిపోతారు. ఆ వాక్యంలో తప్పేమీ లేదు. అయితే దానితో పని పూర్తి కాలేదు. ఆత్మ లేదని ఇవాళ వ్యాసం రాసిన రచయితే రేపు ఒక పాలేరు ఆత్మగౌరవం మీద కథ రాస్తాడు. ఆత్మకథలు చదివి చలించిపోతాడు. ఆత్మవిమర్శ చేసుకొమ్మని తోటి రచయితకు సలహా ఇస్తాడు. లేని ఆత్మకు గౌరవమేమిటి, కథ ఏమిటి, విమర్శ ఏమిటి అని ఏ వేదాంతి అయినా ఎదురు ప్రశ్న వేస్తే సమాధానం చెప్పవలసిన బాధ్యత మనమీద ఉన్నది.

ఇది మాటల చమత్కారం కాదు. గత నాలుగు దశాబ్దాలుగా తెలుగులో దళిత సాహిత్యం, స్త్రీవాద సాహిత్యం 'నేను' అనే మాటను ఒక హక్కుగా అడుగుతున్నాయి. అదే కాలంలో మెదడు మీద పరిశోధనలు చేసేవారిలో కొందరు, తత్త్వవేత్తల్లో కొందరు 'నేను' అనేది ఉత్త భ్రమ అంటున్నారు. నోరు విప్పి 'నేను' అనే అవకాశం తరతరాలుగా దక్కనివారు ఇప్పుడా మాట పలుకుతుంటే, అసలు అటువంటిదేదీ లేదు పొమ్మనడం ఎవరికి లాభం? ఈ ప్రశ్నను దృష్టిలో ఉంచుకునే మనం ప్రాచ్య దర్శనాలను, ఆధునిక చింతనను పరిశీలించాలి.

1. ఒకే మాట, మూడు ప్రశ్నలు

చర్చ మొదట్లోనే ఒక చిక్కు విప్పుకోవాలి. 'ఆత్మ ఉన్నదా?' అన్నప్పుడు మనం నిజానికి మూడు వేర్వేరు ప్రశ్నలను ఒకే మూటగా కట్టి అడుగుతున్నాం. శరీరం నశించినా నశించకుండా, మారకుండా నిలిచే పదార్థమేదైనా ఉన్నదా అనేది మొదటి ప్రశ్న. నిన్న చూసింది నేనే, ఇవాళ గుర్తు చేసుకుంటున్నది నేనే అని తోచడానికి, అనుభవాలన్నీ ఒకరివిగా కూడడానికి ఆధారమేమిటి అనేది రెండవది. చేసిన పనికి బాధ్యత వహించేవాడు, అన్యాయం జరిగితే న్యాయం అడిగేవాడు ఎవరు అనేది మూడవది.

ఆత్మవాదుల వాదనలో ఉన్న బలమంతా ఈ మూడింటిని కలిపివేయడంలోనే ఉన్నది. రెండవ ప్రశ్ననూ, మూడవ ప్రశ్ననూ చూపించి, వాటికి సమాధానంగా మొదటి దాన్ని ఒప్పిస్తారు. అనాత్మవాదుల్లో కొందరు చేసే పొరపాటు దీనికి తిరగేసిన రూపం. మొదటి దాన్ని ఖండించిన ఉత్సాహంలో తక్కిన రెండూ ఖండితమయ్యాయని అనుకుంటారు. ఈ తేడా మనసులో పెట్టుకుని చూస్తే భారతీయ దర్శనాల చరిత్ర స్పష్టంగా అర్థమవుతుంది.

2. ఉపనిషత్తుల్లోనే రెండు గొంతులు

ఉపనిషత్తులంటే శాశ్వతమైన ఆత్మను ఏకకంఠంతో కీర్తించిన గ్రంథాలని ఒక ప్రచారం ఉన్నది. వాటిని శ్రద్ధగా చదివితే అది నిజం కాదని తెలుస్తుంది. ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలక ఆరుణి తన కొడుకు శ్వేతకేతువును పదిహేను రోజులు అన్నం మానివేసి, నీళ్లు మాత్రం తాగమంటాడు. తర్వాత వేదం చెప్పమంటాడు. పన్నెండేళ్లు చదివి వచ్చిన కొడుకుకు ఒక్క మంత్రమూ గుర్తురాదు. అన్నం తిని రమ్మంటాడు. తిన్న తర్వాత అన్నీ గుర్తుకొస్తాయి. మనసు అన్నం నుండి పుట్టిందని తండ్రి నిర్ధారిస్తాడు. ఇది ప్రయోగం. ఆకలితో ఉన్నవాడికి వేదం గుర్తుండదని చెప్పే ఈ ఘట్టంలో దేబీప్రసాద్ చట్టోపాధ్యాయ వంటి పండితులు భారతీయ భౌతికవాదపు తొలి ఛాయలను గుర్తించడం ఊరికే జరగలేదు.

అదే ఉపనిషత్తులో ఇంద్రుడూ విరోచనుడూ ఆత్మ గురించి తెలుసుకోవడానికి ప్రజాపతి దగ్గర ముప్ఫై రెండేళ్లు శిష్యరికం చేస్తారు. నీళ్లలో మీ ప్రతిబింబం చూసుకోండి, అదే ఆత్మ అని ప్రజాపతి అంటాడు. రాక్షసుల ప్రతినిధి విరోచనుడు తృప్తిపడి వెళ్లిపోతాడు. దేవతల ప్రతినిధి ఇంద్రుడు అనుమానంతో మళ్లీ మళ్లీ తిరిగి వస్తాడు. దేహమే ఆత్మ అన్న సిద్ధాంతాన్ని రాక్షసులకు అంటగట్టడం ఇక్కడ గమనించవలసిన విషయం. వాదనలో ఓడించడమే కాకుండా, వాదించేవాడిని అసురుణ్ణి చేయడం కూడా మన తాత్విక సంప్రదాయంలో ఒక ఆయుధం.

బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడిది రెండవ గొంతు. ఇల్లు విడిచి వెళ్లబోతూ ఆస్తిని ఇద్దరు భార్యలకు పంచుతానన్నప్పుడు, ధనంతో అమృతత్వం వస్తుందా అని మైత్రేయి అడుగుతుంది. ఆయన ఆత్మను వర్ణిస్తూ, మరణం తర్వాత సంజ్ఞ ఉండదని కూడా అంటాడు. అక్కడ మైత్రేయి ఆగిపోతుంది. నన్ను అయోమయంలో పడేశారంటుంది. ఆమె ప్రశ్న చాలా లోతైనది. చూడడానికి, వినడానికి, తెలుసుకోవడానికి వేరొకటి లేని చోట, తెలివి కూడా లేని చోట, మిగిలింది 'నేను' అని ఎలా చెప్పగలం? అన్ని గుణాలూ తీసివేసి మిగిల్చిన ఆత్మకు, అసలు ఏమీ లేకపోవడానికి తేడా ఏమిటి? యాజ్ఞవల్క్యుడు రెండు లేని చోట ఎవరు ఎవరిని చూస్తారు అని జవాబిస్తాడు కాని, మైత్రేయి సందేహం తీరిందనిపించదు.

3. కుండలో పెట్టిన దొంగ

బౌద్ధుల దీఘనికాయంలో పాయాసి అనే పాలకుడి కథ ఉన్నది. కోసలదేశంలోని సేతవ్యలో ఉండే ఈ పాయాసి పరలోకం లేదు, చచ్చాక మిగిలేది లేదు అంటాడు. రుజువుగా తాను చేయించిన ప్రయోగాలను వివరిస్తాడు. మరణశిక్షకు గురైన దొంగను బతికుండగానే కుండలో పెట్టి, మూతికి పచ్చితోలు బిగించి, మట్టి మెత్తి, పొయ్యి మీద పెట్టిస్తాడు. చచ్చిన తర్వాత మూత తీసి జీవుడు బయటికి వస్తాడేమోనని చూస్తాడు. ఏమీ రాలేదు. మరొకణ్ణి చంపకముందు, చంపాక తూకం వేయిస్తాడు. కుమారకస్సపుడనే భిక్షువు ఉపమానాలతో అతణ్ణి ఓడించినట్టుగా సూత్రం ముగుస్తుంది.

ఈ కథను భౌతికవాద చరిత్రలో భాగంగా చెప్పుకునేవాళ్లం, కుండలోని మనిషిని మరచిపోరాదు. ఆత్మ లేదని తేల్చుకోవడానికి ఒక పాలకుడు దిక్కులేనివాడి శరీరాన్ని వాడుకున్నాడు. ఆత్మ ఉన్నదని వాదించిన భిక్షువు కూడా ఆ మనిషి వేదన గురించి చర్చ లేవదీయలేదు. తాత్విక సమస్య ఏదైనా ఎవరి శరీరం మీద పరిష్కరించబడుతున్నదో అడగడం మన పద్ధతి కావాలి.

లోకాయతుల గ్రంథాలు మనకు దాదాపు దక్కలేదు. వారి మాటలు శత్రువుల ఖండనల ద్వారానే తెలుస్తున్నాయి. ధాన్యంలోనూ, కిణ్వంలోనూ విడివిడిగా లేని మత్తు, అవి కలిసి పులిసినప్పుడు పుట్టినట్టు, భూతాల కలయికలో చైతన్యం పుడుతుందని వారి వాదన. విడి భాగాల్లో లేని కొత్త గుణం వాటి సంయోగంలో ఆవిర్భవిస్తుందన్న ఈ ఊహ చాలా విలువైనది. శంకరుడు బ్రహ్మసూత్ర భాష్యంలో దీనికి ఒక జవాబు చెప్పాడు. శవంలో శరీరం ఉన్నది, చైతన్యం లేదు, కాబట్టి చైతన్యం శరీరగుణం కాదన్నాడు. ఆనాటికి ఇది గట్టి వాదనే. శవంలో పదార్థం ఉన్నది కాని ఆ పదార్థపు అమరిక, దానిలో నిరంతరం జరిగే వ్యాపారం ఆగిపోయాయని చెప్పడానికి కావలసిన జీవశాస్త్రం లోకాయతుల చేతిలో లేదు.

4. బుద్ధుడి మార్గం, కృష్ణాతీరపు శాసనాలు

బుద్ధుడు సారనాథ్‌లో తొలి శిష్యులైన అయిదుగురికి చెప్పిన రెండవ ఉపదేశం అనాత్మ గురించినదని సంప్రదాయం. రూపం, వేదన, సంజ్ఞ, సంస్కారాలు, విజ్ఞానం అనే అయిదు స్కంధాలలో ఏదీ 'నేను' కాదు. అవి నిజంగా నావే అయితే ఇలా ఉండు అంటే అలా ఉండాలి. ఉండడం లేదు. అవి రోగానికీ మార్పుకూ లోబడినవి. ఈ వాదనలో చెప్పుకోదగ్గ విషయం, ఇక్కడ 'నేను' అంటే అధికారం. మన మీద మనకున్న యాజమాన్యాన్నే బుద్ధుడు ప్రశ్నించాడు.

మిలిందపన్హలో ఇదే విషయం ఒక చక్కని సంభాషణగా వస్తుంది. మిలిందుడు క్రీ.పూ. 2వ శతాబ్దపు ఇండోగ్రీకు రాజు మెనాండర్. నాగసేనుడు అనేది పేరు మాత్రమేనని భిక్షువు చెపితే రాజు ఎగతాళి చేస్తాడు. అప్పుడు నాగసేనుడు, మీరు వచ్చిన రథంలో రథమంటే ఏది, చక్రమా, ఇరుసా, కాడా అని అడుగుతాడు. భాగాలన్నీ ఒక తీరులో అమరినప్పుడు దానికి రథమని పేరు. మనిషీ అంతే. అందులోనే మూడవ ప్రశ్న కూడా చర్చకు వస్తుంది. మామిడిపండ్లు దొంగిలించినవాడు, తోటవాడు నాటింది వేరే పండు, నేను కోసింది వేరే పండు, కాబట్టి నేను దొంగను కాదంటే ఒప్పుకుంటామా? ఒప్పుకోం. మారని పదార్థం లేకపోయినా కార్యకారణాల వరుస ఉన్నది. బాధ్యతకు ఆ వరుస చాలు. ఇది బౌద్ధులు మానవ చింతనకు ఇచ్చిన గొప్ప కానుక.

ఈ ఆలోచనను చివరి అంచులదాకా తీసుకుపోయినవాడు నాగార్జునుడు. ఒక శాతవాహన రాజుకు ఆయన లేఖ రాసినట్టు సంప్రదాయం చెపుతున్నది. ఆత్మ స్కంధాలే అయితే అది పుట్టి నశించాలి. స్కంధాల కంటె వేరైతే దానికి స్కంధాల లక్షణమేదీ ఉండరాదు. రెండు దారులూ మూసివేసి, ఏ వస్తువుకూ తనంతట తానుగా ఉనికి లేదు, అన్నీ ఒకదాన్నొకటి ఆశ్రయించి ఉన్నవే అన్నాడు.

ఆయన పేరు మోసే నాగార్జునకొండలో, నేడు సాగర్ జలాశయం కప్పివేసిన లోయలో, ఇక్ష్వాకుల కాలపు శాసనాలు దొరికాయి. మహాచైత్యానికి దానం చేసిన చాంతిసిరి తాను ఎవరి చెల్లెలో, ఎవరికి అత్తో చెప్పుకుంటుంది. అనాత్మను బోధించే మతానికి దానం చేస్తూ పేరు రాతిమీద చెక్కించుకోవడం విచిత్రంగా తోచవచ్చు. కాని ఆ శాసనాల్లో 'నేను' ఎలా కనిపిస్తున్నదో చూడండి. అన్నగారు, మేనల్లుడు, అల్లుడు, వంశం, దానం. బంధాల ముడిగానే ఆ స్త్రీ మనకు తెలుస్తున్నది. ఆ బంధాలు రాజకుటుంబానివి కాబట్టి రాయి దొరికింది. ఆ రాయి మోసిన కూలి ఎవరి కొడుకో మనకు తెలియదు.

బౌద్ధానికీ పరిమితులున్నాయి. అప్పులపాలైనవాణ్ణి, పారిపోయి వచ్చిన బానిసను సంఘంలో చేర్చుకోరాదని వినయపిటకం నిషేధించింది. ఆత్మ లేకపోయినా యజమాని మాత్రం ఉన్నాడన్నమాట. ఆత్మ లేకుండానే పునర్జన్మ ఉన్నదనడం మరొక చిక్కు. పూర్వజన్మ కర్మ అనే మాటతో ఈ జన్మ పేదరికాన్ని సమర్థించే వీలు అక్కడా మిగిలింది. 1957లో వెలువడిన 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో అంబేద్కర్ ఆత్మను నిరాకరించడమే కాకుండా, పునర్జన్మను కూడా కొత్తగా వ్యాఖ్యానించడానికి కారణం ఇదే.

5. నైయాయికుల ఎదురు ప్రశ్న

ప్రత్యర్థి గట్టి వాదనను దాటవేయడం శాస్త్రీయ పద్ధతి కాదు. నైయాయికులు అనాత్మవాదుల్ని ఒక ప్రశ్నతో ఇబ్బంది పెట్టారు. కంటితో చూసిన పండునే చేత్తో ముట్టుకున్నానని నాకు తెలుస్తున్నది. కన్ను ముట్టలేదు, చెయ్యి చూడలేదు. రెండింటినీ కలిపి తెలుసుకున్న ఒకరు ఉండాలి కదా? బౌద్ధులు దీనికి జ్ఞానాల ప్రవాహాన్ని చూపించారు. ముందు జ్ఞానం తర్వాతి జ్ఞానానికి కారణం, అందుకే జ్ఞాపకం సాధ్యమన్నారు. నైయాయికులు వదలలేదు. గురువు జ్ఞానం శిష్యుడి జ్ఞానానికి కారణమే, మరి గురువు అనుభవం శిష్యుడికి ఎందుకు గుర్తురాదు అన్నారు.

ఈ చివరి ప్రశ్న ఈ వివాదమంతటికీ కీలకం. దీనికి సమాధానం అశరీరమైన ఆత్మలో లేదు. అశరీరమైన విజ్ఞాన ప్రవాహంలోనూ లేదు. గురువుకూ శిష్యుడికీ శరీరాలు వేరు, నాడీమండలాలు వేరు. అనుభవం గుర్తుగా నిలిచేది అక్కడ. బౌద్ధులు ప్రవాహాన్ని చూశారు, అది పారే గట్టును సరిగా చూడలేదు. లోకాయతులు గట్టును చూశారు, ప్రవాహాన్ని వివరించలేకపోయారు. ఈ రెండు దృష్టులూ కలిసివుంటే మన తత్త్వచరిత్ర మరో విధంగా ఉండేదేమో!

6. ఒకే ఆత్మ, వేరు వేరు హక్కులు

అద్వైతం అందరిలోనూ ఉన్నది ఒకే ఆత్మ అంటుంది. ఇంతకంటె సమానత్వం ఏముంటుందని అమాయకంగా అడిగేవారున్నారు. అదే బ్రహ్మసూత్ర భాష్యంలో, మొదటి అధ్యాయం మూడవ పాదంలో, శూద్రులకు వేదవిద్యాధికారం ఉన్నదా అన్న చర్చ వస్తుంది. లేదని శంకరుడి తీర్పు. వేదం విన్న శూద్రుడి చెవుల్లో సీసమూ లక్కా పోయాలన్న స్మృతిని కూడా అక్కడ ప్రమాణంగా ఉదహరిస్తాడు. ఇతిహాస పురాణాల ద్వారా తెలుసుకోవచ్చునని ఒక సందు వదులుతాడు. పరమార్థంలో భేదం లేదు, వ్యవహారంలో ఉన్నది అనే రెండంతస్తుల సత్యం ఇందుకు పనికివచ్చింది. ఆత్మలో సమానత్వం, పొలంలో, బావి దగ్గర, గుడి ముందు అసమానత్వం.

1941లో వచ్చిన జాషువా 'గబ్బిలం' ఈ రెండంతస్తుల భవనాన్ని సూటిగా ఢీకొన్న కావ్యం. అరుంధతీ సుతుడు తన వేదనను కాశీ విశ్వేశ్వరుడికి విన్నవించడానికి గబ్బిలాన్ని పంపుతాడు. గుడిలోకి గబ్బిలం పోగలదు, మనిషి పోలేడు. సర్వాంతర్యామి అయిన ఆత్మ సిద్ధాంతం మీద ఇంతకు మించిన తాత్విక విమర్శ తెలుగులో ఏ దర్శన గ్రంథం చేసింది?

అయితే ఇక్కడ తొందరపడి ఒక యాంత్రిక సూత్రం తయారుచేయరాదు. కేరళలో నారాయణగురువు ఇదే అద్వైతాన్ని కులానికి వ్యతిరేకంగా ఉపయోగించాడు. 1888లో అరువిప్పురంలో, పూజార్హత లేదన్న కులంలో పుట్టిన ఆయన స్వయంగా శివప్రతిష్ఠ చేశాడు. మరొకవైపు, అనాత్మ సిద్ధాంతమంటే సహజంగా ప్రగతిశీలమనీ అనలేం. 1930, 1940 దశకాల్లో జపాన్‌లో కొందరు జెన్ గురువులు అదే సిద్ధాంతాన్ని సామ్రాజ్యవాద యుద్ధానికి అప్పగించారు. 1997లో వెలువడిన బ్రయన్ విక్టోరియా పుస్తకం 'జెన్ ఎట్ వార్' దీన్ని సాక్ష్యాధారాలతో వివరించింది. ఆత్మకు చావు లేదు కాబట్టి చంపడంలో దోషం లేదని ఒకరు, చచ్చేవాడూ చంపేవాడూ అసలు లేరు కాబట్టి దోషం లేదని మరొకరు. రెండు వ్యతిరేక సిద్ధాంతాలు ఒకే కత్తికి పదును పెట్టాయి. సిద్ధాంతం ఏమంటున్నదన్నది ఎంత ముఖ్యమో, అది ఎవరి చేతిలో, ఎవరి మీద ప్రయోగించబడుతున్నదన్నది అంత ముఖ్యం.

7. ఐరోపాలో 'నేను'

డెకార్ట్ 1641లో ప్రకటించిన గ్రంథంలో అన్నింటినీ శంకించి, శంకిస్తున్న 'నేను' ఒక్కటే నిస్సందేహమని తేల్చాడు. ఆ 'నేను'ను శరీరానికి వేరైన ద్రవ్యం చేశాడు. 1643లో బొహీమియా రాజకుమారి ఎలిజబెత్ ఆయనకు ఉత్తరం రాసింది. భౌతికం కాని ఆత్మ భౌతికమైన శరీరాన్ని ఎలా కదిలించగలదని అడిగింది. డెకార్ట్ ఇచ్చిన జవాబులు ఆమెను తృప్తిపరచలేదు. మైత్రేయి ప్రశ్న, ఎలిజబెత్ ప్రశ్న పక్కపక్కన పెట్టి చూడదగినవి. రెండు సందర్భాల్లోనూ సిద్ధాంతంలోని పగులును గుర్తించింది, తత్త్వశాస్త్రంలో పీఠం దక్కని స్త్రీయే.

లాక్ ఆత్మద్రవ్యాన్ని పక్కకు నెట్టి, 1694 నాటి రెండవ ముద్రణలో వ్యక్తి ఏకత్వాన్ని స్మృతి మీద, చైతన్యం మీద నిలిపాడు. వ్యక్తి అన్నది న్యాయస్థానపు మాట అన్నాడు. అంటే మన మూడవ ప్రశ్నను ఆయన విడిగా గుర్తించాడు. ప్రతి మనిషికీ తన శరీరం మీద హక్కు ఉన్నదని వాదించిన ఈ లాక్‌కే బానిస వ్యాపారం చేసిన రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో వాటాలుండేవి. బూర్జువా 'నేను' పుట్టుకలోనే ఈ వైరుధ్యం ఉన్నది. అది స్వేచ్ఛను ప్రకటిస్తూనే, ఆస్తి రూపంలో మాత్రమే తనను తాను ఊహించుకోగలిగింది.

హ్యూమ్ 1739లో ఆ 'నేను'ను కూడా విప్పివేశాడు. లోపలికి తొంగి చూస్తే వేడి, చలి, ప్రేమ, ద్వేషం వంటి అనుభూతులే దొరుకుతాయి కాని, వాటి వెనుక యజమాని దొరకడన్నాడు. అనుభూతుల కట్ట తప్ప మరేమీ లేదన్నాడు. బుద్ధుడి వాదనకు ఇది ఎంత దగ్గరో చెప్పనక్కరలేదు. మరుసటి సంవత్సరం రాసిన అనుబంధంలో, ఆ కట్టను కట్టిన తాడు ఏమిటో తనకు అంతుపట్టడం లేదని ఆయనే ఒప్పుకున్నాడు.

అంతుపట్టకపోవడానికి కారణం ఉన్నది. హ్యూమ్ గదిలో ఒంటరిగా కూర్చుని లోపల వెదికాడు. వెదకవలసింది లోపల మాత్రమే కాదు. మానవసారం ఒక్కొక్క వ్యక్తిలో ఇమిడివున్న వస్తువు కాదనీ, అది సామాజిక సంబంధాల సమష్టి అనీ 1845లో మార్క్స్ ఫాయర్‌బాఖ్ మీద రాసుకున్న సూత్రాల్లో గుర్తించాడు. మనిషి మొదట ఎదుటి మనిషిలోనే తనను చూసుకుంటాడని 'కాపిటల్'లోనూ చెప్పాడు. హ్యూమ్ వెదికిన తాడు మనుషుల మధ్య ఉన్నది.

8. మెదడు, భాష, పిలుపు

ఆ తర్వాతి శాస్త్రపరిశోధన ఈ దిశనే బలపరిచింది. 1848లో అమెరికాలో ఫినియస్ గేజ్ అనే రైలుమార్గం పనివాడి తలలోంచి ఇనుపకడ్డీ దూసుకుపోయింది. బతికాడు కాని స్వభావం మారిపోయిందని వైద్యుడు రాశాడు. 1953లో శస్త్రచికిత్స తర్వాత హెన్రీ మోలెసన్ అనే రోగి కొత్త విషయాలేవీ గుర్తుంచుకోలేకపోయాడు. అయినా బాల్యం గుర్తున్నది, మర్యాద ఉన్నది, నేర్చుకున్నట్టు గుర్తులేకుండానే కొత్త చేతిపనులు నేర్చుకున్నాడు. 'నేను' ఒక్కచోట ఉండే ఒకే వస్తువు కాదని, అనేక వ్యాపారాల కూడిక అని దీనివల్ల తేలుతున్నది.

మెదడు రెండు అర్ధభాగాల మధ్య వంతెనను కోసివేసిన రోగుల మీద స్పెర్రీ, గజానిగా చేసిన ప్రయోగాలు మరింత ఆసక్తికరం. స్పెర్రీకి 1981లో నోబెల్ బహుమతి వచ్చింది. కుడి భాగానికి మాత్రమే చూపిన బొమ్మను బట్టి ఎడమచేయి ఏదో ఎంచుకుంటుంది. ఎందుకని అడిగితే, మాటలాడే ఎడమభాగం అసలు కారణం తెలియకపోయినా వెంటనే ఒక కారణం కల్పించి చెపుతుంది. అబద్ధమాడుతున్నానన్న స్పృహ దానికి ఉండదు. కథకులకు ఇంతకంటె ముఖ్యమైన పాఠం ఉండదు. పాత్ర తన గురించి తాను చెప్పుకునే కారణం, ఆ పాత్ర ప్రవర్తనకు అసలు కారణం కాకపోవచ్చు.

ఆ చెప్పుకునే భాష ఎక్కడి నుండి వస్తుంది? 1934లో అచ్చయిన గ్రంథంలో సోవియట్ మనోవిజ్ఞాని వైగోత్‌స్కీ, శిశువు మొదట ఇతరులతో మాట్లాడే మాటే క్రమంగా తనతో తాను పైకి అనుకునే మాటగానూ, చివరకు లోపలి మాటగానూ మారుతుందని వివరించాడు. అదే ఏడాది అమెరికాలో మీడ్ ఉపన్యాసాల సంపుటం, ఇతరులు తనను చూసే చూపును తనలోకి తీసుకోవడంలోనే 'నేను' ఏర్పడుతుందని చెప్పింది.

తెలుగువాడికి ఇది పుస్తకాల్లో చదవనక్కరలేదు. మన భాషలో 'మేము', 'మనము' అని రెండు మాటలున్నాయి. ఎదుటివాణ్ణి కలుపుకుంటున్నామా, బయట ఉంచుతున్నామా అన్నది నోరు తెరిచిన ప్రతిసారీ తేల్చుకోవాలి. పదేళ్ల కామందు కొడుకు అరవై ఏళ్ల జీతగాణ్ణి 'ఒరేయ్' అన్నప్పుడు, ఆ ముసలివాడు 'చిన్నదొరా, తమరు' అని బదులిచ్చినప్పుడు, రెండు 'నేను'లు ఒకేసారి తయారవుతున్నాయి. పుట్టిననాటినుండి 'ఒసేయ్' అన్న పిలుపుకు పలికిన స్త్రీ లోపలి మాట ఏ స్వరంలో ఉంటుంది? సిద్ధాంతులు అనుభూతుల కట్ట అన్నదాన్ని మన పల్లెల్లో పిలుపులు కట్టాయి.

9. రచయితకు దీనితో పనేమిటి?

ఇప్పుడు మొదటి చిక్కుకు తిరిగి వద్దాం. నాశనం లేని పదార్థంగా ఆత్మ లేదు. దానికి సాక్ష్యమూ లేదు, అవసరమూ లేదు. అనుభవాల ఏకత్వం ఉన్నది. అది శరీరం, మెదడు, భాష, ఇతరుల గుర్తింపు కలిసి సాగించే వ్యాపారం, పులిసినప్పుడే పుట్టే మత్తు వంటిది. బాధ్యత, హక్కు ఉన్నాయి. అవి మనుషుల మధ్య ఉన్నాయి. కాబట్టి 'నేను' వస్తువుగా లేదు, ప్రక్రియగా ఉన్నది. నది వస్తువు కాదని చెప్పినంత మాత్రాన వరద అబద్ధం కాదు.

ఆత్మగౌరవం అన్న మాటకు దీనితో అర్థం సన్నగిల్లదు, గట్టిపడుతుంది. లోపలి ఆత్మ నిజంగా నిర్వికారమైనదే అయితే ఏ అవమానమూ దాన్ని తాకలేదు. అప్పుడు అవమానించినవాడు చేసిన నేరమేమిటి? 'నేను' అన్నది ఎదుటివారి చూపుతో, పిలుపుతో తయారయ్యేదైతేనే అవమానం నిజమైన గాయమవుతుంది. తయారైనది కాబట్టే దాన్ని మార్చడానికి వీలున్నది. 1985 కారంచేడు తర్వాత, 1991 చుండూరు తర్వాత వెల్లువెత్తిన దళిత కవిత్వంలోని 'నేను' ఏకాకి వ్యక్తి కాదు. ఒకరు పలికినా అది వాడ గొంతు. 1993లో వచ్చిన 'నీలిమేఘాలు' సంకలనంలోని స్త్రీల 'నేను' కూడా అంతే. భావకవుల ఆత్మాశ్రయత్వానికీ దీనికీ ఉన్న తేడా పరిమాణంలో లేదు, పునాదిలో ఉన్నది. అది లోకం నుండి తప్పుకోవడానికి 'నేను' అన్నది. ఇది లోకంతో తలపడడానికి 'నేను' అంటున్నది. ఈ 'నేను'ను భ్రమ అని కొట్టివేసే హక్కు, తన 'నేను'కు ఎన్నడూ లోటు లేనివాడికి లేదు.

మన మంచి నవలలు ఈ సత్యాన్ని సిద్ధాంతం లేకుండానే పట్టుకున్నాయి. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావును కుంగదీసింది వంశప్రతిష్ఠ అనే పరాయి 'నేను'. రావిశాస్త్రి 'అల్పజీవి'లో సుబ్బయ్య భయం అతని పుట్టుకతో వచ్చిన గుణం కాదు, ఇల్లూ ఆఫీసూ అతనిలో కూడబెట్టినది. 1969లో వచ్చిన నవీన్ 'అంపశయ్య'లో రవి పదహారు గంటల ఆలోచనాస్రవంతిని కొందరు విమర్శకులు ఉత్త అంతర్ముఖత్వం అన్నారు. కాని ఆ స్రవంతిలో కొట్టుకువచ్చేవి హాస్టలు బాకీలు, పల్లె, నిరుద్యోగ భయం. లోపలికి ఎంత లోతుగా దిగితే అంతగా బయటి సమాజమే తగులుతుంది.

సాహిత్య విద్యార్థులు ఏ పాత్రనైనా పరిశీలించేటప్పుడు, ఇతని స్వభావమేమిటి అన్న ప్రశ్న దగ్గర ఆగిపోకూడదు. ఇతణ్ణి ఎవరు ఏమని పిలుస్తున్నారు, ఇతను ఎవరితో 'మనం' అంటున్నాడు, ఎవరితో 'మేము' అంటున్నాడు, తన గురించి చెప్పుకునే కథలో ఏది కప్పిపుచ్చుతున్నాడు అని అడగాలి. రచయితలు ఒక పాత్ర చేత 'నేను' అనిపించే ముందు, ఆ మాట అనడానికి ఆ మనిషి ఎన్నింటిని దాటి రావలసి వచ్చిందో తెలుసుకోవాలి. వేదాంతులు ఆత్మను మరణం తర్వాతి లోకంలో వెదికారు. మనం వెదకవలసిన చోటు జీతగాడూ కామందూ ఎదురుపడే చావడి, ఆలుమగలు మాట్లాడుకునే వంటగది, పేరుకు బదులు కులంతో పిలిచే తరగతి గది.